ఆది జాకెట్టు

తాడేపల్లిగూడెంలో ముప్పై రెండేళ్ళుగా ఆడవాళ్ళ జాకెట్లు కుడుతున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క ఆడమనిషి ఒంటిమీద కూడా టేపు పెట్టలేదు. అది మా నాన్నగారు నేర్పిన పద్ధతి. మగ టైలరు చెయ్యి గుడ్డ మీదే ఉండాలనేవారు. అందుకే మా కొట్టుకి వచ్చేవాళ్ళంతా కొత్త గుడ్డతోపాటు, తమకు చక్కగా సరిపోయే పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇస్తారు. దాన్నే ఆది అంటాం. ఆ ఆదిని బల్లమీద పరిచి, దాని మీదనుంచి కొలతలు తీసుకుని కొత్తది కత్తిరిస్తాం. మనిషిని చూడక్కర్లేదు, ఆది చూస్తే చాలు.

ఈ పద్ధతి మీద నాకు గర్వం ఎక్కువ. కోపం కూడా ఎక్కువే. ఎవరైనా వచ్చి "బిగుతుగా ఉందండీ" అన్నారంటే నాకు ఒళ్ళు మండేది. "ఆది ఇచ్చింది మీరే కదండీ? మీ ఆది ఎలా ఉందో నా జాకెట్టూ అలాగే ఉంది. మారింది జాకెట్టు కాదండీ, మీరే" అనేవాణ్ణి. కొందరు నవ్వేవారు. కొందరు ఇంకో టైలరుని వెతుక్కునేవారు. లోపలి వరండాలో కూర్చుని హుక్కులు కుట్టే మా ఆవిడ మాత్రం, వాళ్ళు వెళ్ళాక, "కాస్త మెల్లిగా చెప్పచ్చు కదండీ" అనేది. పెళ్ళయిన దగ్గరనుంచీ హుక్కులూ, కాజాలూ, చేతి కుట్లూ అన్నీ ఆవిడవే. నేను కత్తిరించి మిషన్ మీద కుడితే, ఆవిడ పూర్తి చేసి మడతపెడుతుంది. పట్టణంలో సగంమంది నా జాకెట్లని మెచ్చుకునేది ఆ హుక్కుల పనితనం చూసేనని నాకు తెలుసు. తెలిసినా ఎప్పుడూ పైకి అనలేదు.

ఆవిడ ఆది మా చిన్నమ్మాయి పుట్టాక కుట్టిన ఆకుపచ్చ జాకెట్టు. ఇరవై ఏళ్ళుగా కొట్లో కత్తెర్ల పక్కన మేకుకి వేలాడుతోంది. రంగు వెలిసి పాలిపోయింది. దాని కొలతలు నాకు నోటికి వచ్చు కాబట్టి ఈమధ్య దాన్ని మేకునుంచి దించడం కూడా మానేశాను.

పోయిన ఏడాది రంజాన్ తర్వాత ఆవిడలో ఏదో తేడా మొదలైంది. అయితే అది నేను ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుని చెబుతున్న మాట. అప్పుడు నాకేమీ కనబడలేదు. ఎప్పుడూ ఒక్కసారి అన్నం పెట్టుకునే మనిషి రెండోసారి పెట్టుకోవడం మొదలుపెట్టింది. ముదినేపల్లినుంచి వాళ్ళ తమ్ముడు కొల్లేరు చేప పంపిస్తే పులుసు పెట్టి తృప్తిగా తినేది. ఇంత బాగా తినే మనిషికి జబ్బేమిటి అనుకున్నాను. ఉక్కగా ఉందంటూ ఫ్యాను కింద నుంచి లేచేది కాదు. వేసవి కదా, ఎవరికి ఉక్కగా లేదు? చిన్న మాటకే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆడవాళ్ళకి ఈ వయసులో అలాగే ఉంటుందని పక్కింటావిడ చెప్పింది. నేనూ అదే అనుకుని ఊరుకున్నాను.

శ్రావణమాసం మాకు చేతినిండా పని. వరలక్ష్మీవ్రతానికి కట్టుకోవాలని ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒకేసారి గుడ్డలు తెచ్చి పడేస్తారు. అలాంటి ఒక మధ్యాహ్నం, మాస్టారుగారి భార్య పట్టు జాకెట్టు మడతపెట్టబోతూ చూశాను. హుక్కులు వంకరటింకరగా ఉన్నాయి. దారం ఒకచోట గుడ్డని లాగేసింది. నేను లోపలికి వెళ్ళి, "కళ్ళు కనబడటం లేదా? ఇది మనిషి కుట్టిన కుట్టేనా?" అని గట్టిగా అరిచాను. ఆవిడ జాకెట్టు తీసుకుని హుక్కులన్నీ విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ వంకరగానే వచ్చాయి. అప్పుడు ఏడ్చింది. "చేతులు మాట వినడం లేదండీ" అంది.

ఆ మాటకి నాకు భయం వేసింది. అప్పటిదాకా ఉన్న నా కోపం ఎటు పోయిందో తెలియదు.

మర్నాడే ఊళ్ళో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మంచివాడు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదాంట్లో ఆయన తప్పేమీ లేదు. ఆయన ఓపిగ్గా అడిగారు. ఎలా ఉందమ్మా అంటే మా ఆవిడ "పర్లేదండీ" అంది. నిద్ర పడుతోందా అంటే "పర్లేదండీ" అంది. గుండెదడ ఏమైనా ఉందా అంటే "అంతేమీ లేదండీ, పర్లేదండీ" అంది. మా వైపు ఈ మాటతో వచ్చిన చిక్కే ఇది. కాలు విరిగినా పర్లేదే, కడుపు నిండినా పర్లేదే. పెద్దవాళ్ళు అడిగారు కదా, వాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని ఈ మాట అనేస్తాం.

షుగరు పరీక్ష చేయించారు. లేదని వచ్చింది. బరువు చూశారు. "ఇదివరకు ఎంతుండేవారమ్మా?" అన్నారు. ఎప్పుడైనా చూసుకుంటే కదా! ఆవిడ నా వైపు చూసింది. అప్పుడు డాక్టరుగారు, "పోనీ, ఈమధ్య బట్టలు వదులయ్యాయా?" అని అడిగారు.

అది అడగాల్సిన ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్నకి నిజం చెప్పి ఉంటే రెండు మూడు నెలలు కలిసొచ్చేవి. మా ఆవిడ తల దించుకుని, "లేదండీ. ఆయన టైలరండీ. సరిగ్గానే కుడతారండీ" అంది. నేను అక్కడితో ఊరుకోలేదు. "కొలత ఏమీ మారలేదండీ. ఇరవై ఏళ్ళుగా ఒకటే ఆది. మొన్ననే రెండు జాకెట్లు కుట్టాను, అవే కొలతలు" అని ఛాతీ విరుచుకుని మరీ చెప్పాను. మనిషి బరువు తగ్గలేదని ఒక టైలరు, అదీ మొగుడు, అంత నమ్మకంగా చెప్పాక ఏ డాక్టరైనా ఏం చేస్తారు? వయసు, బెంగ, పని ఒత్తిడి అని నిద్రకి మాత్రలు రాసిచ్చారు. మేం దణ్ణం పెట్టి వచ్చేశాం.

మాత్రలు వేసుకుంటే పగలంతా మగతగా ఉండేది. చేతుల వణుకు మాత్రం తగ్గలేదు. హుక్కుల పని నేను వేరేవాళ్ళకి ఇచ్చేశాను. ఆవిడకి విశ్రాంతి ఇచ్చాననుకున్నాను. వరండాలో ఖాళీ చేతులతో కూర్చుని, తనకి ఇంక పని చేతకాదని నేను తేల్చేశానని ఆవిడ అనుకుందట. ఇది తర్వాత చెప్పింది.

దసరా వెళ్ళాక ముదినేపల్లిలో వాళ్ళ మేనకోడలి పెళ్ళికి వెళ్ళాం. గుమ్మంలోనే వాళ్ళ అక్క, మేమంతా ఆపా అని పిలుస్తాం, మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. చెయ్యి పైకెత్తింది. గాజులన్నీ జారి మోచేతి దాకా వెళ్ళిపోయాయి.

"ఏంటే ఇది? మనిషివి ఎక్కడికి పోయావే?" అంది ఆపా. తర్వాత నా వైపు తిరిగి, "ఏమండీ, మీరు రోజూ చూస్తూనే ఉన్నారా?" అంది.

రోజూ చూస్తూనే ఉన్నాను. అదే కదా జరిగింది. ఆర్నెల్ల తర్వాత చూసిన ఆపాకి గుమ్మంలోనే తెలిసింది, మూడు పూటలా ఎదురుగా కూర్చుని తిన్న నాకు తెలియలేదు. పెళ్ళిలో బిర్యానీ నా గొంతు దిగలేదు. ఇంత తింటూ ఇలా చిక్కిపోతోందంటే అది ఆ జబ్బేనని నా మనసులో ఖాయమైపోయింది. మా అమ్మని తీసుకుపోయిన జబ్బు. దాని పేరు ఇప్పటికీ నేను నోటితో అనను.

ఇంటికొచ్చిన రెండు రోజులకి ఆపాతో కలిసి ముగ్గురం ఏలూరు వెళ్ళాం. అక్కడి పెద్ద డాక్టరమ్మగారి దగ్గర ఆపా ముందే మా ఆవిడ పేరు రాయించి ఉంచింది. కార్తీకమాసం, పొద్దున్న చలిగా ఉంది. రైల్లో నేను మఫ్లరు చుట్టుకుని కూర్చుంటే మా ఆవిడ కిటికీ తెరిచి గాలికి ముఖం పెట్టి కూర్చుంది. నుదుటి మీద చెమట. చేబ్రోలు దాటాక, "ఏవండీ, పెద్ద జబ్బంటే నాతో దాచకండి" అంది. నేను కిటికీలోంచి చేపల చెరువులు లెక్కపెడుతున్నట్టు నటించాను.

డాక్టరమ్మగారికి అరవై ఉంటాయి. తెల్లటి నేత చీర, మెడలో స్టెతస్కోపు. కాగితాల వైపు చూడకుండా ముందు మా ఆవిడ చెయ్యి అందుకుని పట్టుకున్నారు. నాడి చూస్తున్నారనుకున్నాను. నాడి చూడటం అయిపోయాక కూడా వదల్లేదు.

"ఎలా ఉందమ్మా?"

"పర్లేదండీ."

"పర్లేదు అంటే నాకు రాసుకోవడానికేమీ దొరకదమ్మా" అన్నారు నవ్వుతూ. "చెయ్యి ఇంత వెచ్చగా, తడిగా ఉంది. నాడి పరిగెడుతోంది. కూర్చున్న మనిషికి ఇంత వేగం ఉండకూడదు. బట్టలు వదులయ్యాయా?"

మా ఆవిడ మళ్ళీ అదే చెప్పింది. "లేదండీ. మా ఆయన టైలరండీ." నేను ఈసారి నోరు మెదపలేదు.

డాక్టరమ్మగారు ఆవిణ్ణి తెర వెనక్కి తీసుకెళ్ళారు. గుండె చూస్తున్నట్టున్నారు. కాసేపటికి, "ఈ కుట్లు ఎవరు వేశారమ్మా?" అన్న ప్రశ్న వినబడింది. మా ఆవిడ జవాబు వినబడలేదు. "ఏవండీ టైలరుగారూ, ఒకసారి ఇటు రండి. ఇది మీ శాస్త్రం, నాది కాదు" అని పిలిచారు.

వెళ్ళాను. మా ఆవిడ పమిట కప్పుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. డాక్టరమ్మగారు జాకెట్టు పక్క కుట్టు దగ్గర అంచు కొంచెం తిరగేసి చూపించారు. అది నేను వేసవికి ముందు కుట్టిన జాకెట్టు. నా మిషన్ కుట్టు పక్కన, లోపలివైపు, చేత్తో వేసిన కుట్లు మూడు వరసలున్నాయి. జాకెట్టు వదులైనప్పుడల్లా ఆవిడ దాన్ని కాస్త కాస్త లోపలికి పట్టి కుట్టుకుంది. మొదటి వరస తిన్నగా, గింజ పక్కన గింజ పేర్చినట్టుంది. అది మా ఆవిడ చెయ్యి, ఎక్కడున్నా గుర్తుపడతాను. రెండో వరస అక్కడక్కడా పక్కకి జరిగింది. మూడోది అసలు కుట్టులా లేదు. వణికే చెయ్యి ఎటు లాగితే అటు పోయింది.

"మొదటిది ఎప్పుడు వేసుకున్నావమ్మా?" అన్నారు డాక్టరమ్మగారు.

"రంజాన్ అయ్యాకండీ."

"రెండోది?"

"బక్రీదుకండీ. మూడోది శ్రావణంలో."

"ఎందుకు చెప్పలేదమ్మా?"

మా ఆవిడ గోడతో మాట్లాడుతున్నట్టు చెప్పింది. "టైలరు పెళ్ళాం జాకెట్టు వదులుగా ఉందంటే ఆయనకి మాట కదండీ. చెబితే కోప్పడతారు కూడానండీ. ఆది మారలేదంటారండీ. మిషన్ మీద కుడితే చప్పుడు వినబడుతుందని చేత్తో వేసుకున్నానండీ."

ఇన్నేళ్ళుగా ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళ మీద విసిరిన మాట, "మారింది జాకెట్టు కాదు, మీరే" అన్న ఆ మాట, లోపల కూర్చుని హుక్కులు కుట్టుకునే మనిషికి తగిలింది. నా పరువు పోకూడదని తన జబ్బుని మూడు వరసల్లో దాచుకుంది.

డాక్టరమ్మగారు మాత్రం సంతోషించినట్టే కనబడ్డారు. "చూశారా, ఎప్పుడు మొదలైందో, ఎంత తగ్గిందో, చెయ్యి ఎప్పటినుంచి వణుకుతోందో అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఇంత బాగా రాసిన చీటీ నాకు ఎవరూ తెచ్చివ్వలేదు" అన్నారు.

తర్వాత డాక్టరమ్మగారు చేసిన పరీక్షలన్నీ నేను పక్కనే ఉండి చూశాను. మా ఆవిణ్ణి రెండు చేతులూ ముందుకు చాపమన్నారు. చాపిన వేళ్ళ మీద ఒక తెల్లకాగితం పరిచారు. కంటికి అంతగా కనబడని వణుకు కాగితం అంచులో స్పష్టంగా కనబడింది. అది టపటపమని ఆడుతూనే ఉంది. వేలు చూపించి, తల కదపకుండా దానివెంట కళ్ళు కిందికి దించమన్నారు. కనుగుడ్డు దిగినంత వేగంగా పైరెప్ప దిగలేదు, మధ్యలో తెల్లగా కనబడింది. మోకాలి కింద చిన్న సుత్తితో తడితే కాలు ఎగిరిపడింది. చివరికి గ్లాసుతో నీళ్ళిచ్చి, మెడ కాస్త ఎత్తి గుటక వేయమన్నారు. గుటక వేసినప్పుడు గొంతు ముందు భాగంలో చిన్న ఉబ్బు ఒకటి పైకి లేచి మళ్ళీ కిందికి దిగింది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న మెడ అది.

నేను ఆగలేకపోయాను. "అదేనా అండీ?" అన్నాను. ఏది అని ఆవిడ అడగలేదు.

"కాదనే అనుకుంటున్నానండీ. రక్తపరీక్ష వచ్చాక గట్టిగా చెబుతాను. నాకు కనబడేది థైరాయిడ్."

"థైరాయిడ్ అంటే లావైపోతారు కదండీ?" అంది ఆపా.

"అది తక్కువ పనిచేస్తే. ఈవిడకి ఎక్కువ పనిచేస్తోంది." డాక్టరమ్మగారు నా వైపు తిరిగారు. "మీ మిషన్‌కి మోటారుంది కదండీ? పెడల్ మీదనుంచి కాలు తీయకపోతే ఏమవుతుంది? దారం అయిపోతుంది, మోటారు వేడెక్కుతుంది. ఈవిడ ఎంత తిన్నా లోపల ఖర్చయిపోతోంది. అందుకే చెమట, అందుకే ఏడుపు, అందుకే వణుకు. మాత్రలతో అదుపులోకి వస్తుంది. కానీ ఇంకా ఆలస్యం చేసి ఉంటే గుండె లయ తప్పేది."

రిపోర్టులు వచ్చేదాకా ఆ రోజు ఏలూరులోనే బంధువులింట్లో ఉండిపోయాం. మర్నాడు సాయంత్రం కాగితం చూసి డాక్టరమ్మగారు, "అనుకున్నదే. భయం లేదండీ" అన్నారు. మా ఆవిడ నా మొహం చూసి, "ఏవండీ, మీరేంటి ఏడుస్తున్నారు? జబ్బు నాకు కదా" అంది. ఆపా పకపకా నవ్వింది. ఆ రోజు కాలవగట్టు మీద ముగ్గురం నిలబడి తాగిన టీ అంత రుచిగా నేను ఎప్పుడూ తాగలేదు.

ఇంటికొచ్చాక మొదట చేసిన పని మేకు మీదనుంచి ఆ ఆకుపచ్చ జాకెట్టు తీసేయడం. తర్వాత టేపు మెడలో వేసుకుని లోపలికి వెళ్ళాను. "చెయ్యెత్తు" అన్నాను.

"ఏంటండీ ఇది? ఆది ఉంది కదా!"

"ఆదికి ఏం తెలుసు? ఎత్తు."

"తలుపన్నా వెయ్యండి" అంది సిగ్గుపడుతూ. ముగ్గురు పిల్లల తల్లి. ముప్పై ఏళ్ళ కాపురం. నా చేతిలో టేపు మొదటిసారి ఒక ఆడమనిషి చుట్టూ తిరుగుతుంటే నా వేళ్ళూ వణికాయి. ఇద్దరి చేతులకీ థైరాయిడేనని ఆవిడ నన్ను ఆటపట్టించింది. ఆదిలో ఛాతీ ముప్పై ఆరు. టేపు మీద ముప్పై రెండు. ఆ నాలుగంగుళాలు నా కళ్ళెదుటే ఎటు పోయాయని నేను చాలాసేపు టేపు పట్టుకునే నిలబడ్డాను.

ఆ ముప్పై రెండుకే రెండు జాకెట్లు కుట్టాను. పక్క కుట్ల లోపల మాత్రం, రేపు విప్పుకోవడానికి, గుడ్డ ఎక్కువ వదిలాను.

మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దడ తగ్గింది. నెలకోసారి ఏలూరు వెళ్ళి రక్తం చూపించుకుని వచ్చేవాళ్ళం. పుష్యమాసంలో ఒకరోజు నా వెనకనుంచి దుప్పటి తీసుకెళ్ళి కప్పుకుంది. చలేస్తోందట. నాకు పండగలా అనిపించింది. నెమ్మదిగా మళ్ళీ సూది పట్టుకుంది. మొదట పాత గుడ్డ మీద నాలుగు హుక్కులు కుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తిన్నగా ఉన్నాయి. "ఈ ఊళ్ళో ఇలాంటి హుక్కు ఇంకెవరూ కుట్టలేరు" అన్నాను. ముప్పై ఏళ్ళు ఆలస్యంగా అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి, గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువ చేసింది.

మొన్న రంజాన్‌కి ముందు, కొట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు. నేను గుడ్డ కత్తిరిస్తున్నాను. లోపలి గుమ్మంలోంచి మా ఆవిడ వచ్చి నిలబడింది. నేను కుట్టిన ఆ రెండు జాకెట్లలో ఒకటి చేతిలో ఉంది. అందరిముందూ, అందరికీ వినబడేలా అంది.

"ఏవండీ, ఇది బిగుతుగా ఉందండీ."

కొట్లో అందరూ నా వైపు తిరిగారు. ఆ మాటకి నేనేమంటానో అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. మాస్టారుగారి భార్య నవ్వు ఆపుకుంటూ, "ఊఁ, అనండి మరి. మారింది జాకెట్టు కాదు, మీరే అనండి" అంది.

అందామనే అనుకున్నాను. కానీ కత్తెర పక్కన పెట్టి, జాకెట్టు చేతిలోకి తీసుకుని, లోపల వదిలిన గుడ్డ వేళ్ళతో తడిమి చూసుకున్నాను. చాలినంత ఉంది.

"ఎక్కడ బిగుతు?" అని అడిగాను.

"అంతటానండీ" అంది.